ఈగల పువ్వు

పుష్పమనగా సువాసనయే యని తలంచుట మనకు వాడుక. మల్లె, జాజి, సంపెంగ, మొగలి అని చెప్పినంతనే అవి మన ముక్కునకు ముందు జ్ఞప్తి వచ్చును, కంటికి పిదప వచ్చును. వాసన లేని పువ్వును సైతము మనము సహింతుము; మందారమును పెరటిలో నాటుకొందుము. కాని దుర్వాసన గల పువ్వును పూయు మొక్కను గదిలోపల నుంచి, అది యెప్పుడు పూయునాయని రెండేండ్లు ఎదురుచూచితిమని చెప్పినచో విన్నవారు నవ్వక మానరు. మేమట్టి పని చేసితిమి. మా ప్రకృతిశాస్త్రపు గది తూర్పు కిటికీలో నున్న మట్టితొట్టిని ఎరుగని విద్యార్థి యీ పాఠశాలలో లేడు. "మాష్టారి చచ్చిన యెలుక" యని ఎనిమిదవ తరగతివారు దానికి పెట్టిన పేరును మా చెవిని పడకపోలేదు. ఈ సంవత్సర సంచికకు ఏదైన వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరగా, ఆ తొట్టినిగూర్చియే వ్రాయ సంకల్పించితిమి.

ఈ మొక్క పేరు స్టపీలియా. ఇందు పలు భేదములు కలవు. మా కిటికీలోనిది వానిలో మిక్కిలి పెద్ద పువ్వు పూయు "జైగాంటియా" యను భేదము. దీని స్వస్థానము ఆఫ్రికాఖండపు దక్షిణ, ఆగ్నేయ భాగములందలి ఎండు ప్రదేశములు. మొక్కల అంగడివారు దీనిని "స్టార్‌ఫిష్ కాక్టస్" అని అమ్ముదురు గాని యిది కాక్టస్ కాదు. నాగజెముడునకును దీనికిని చుట్టరికము లేదు. దీని చుట్టము మన దారిప్రక్కల పెరుగు జిల్లేడు. జిల్లేటికివలె పెద్ద ఆకులు దీనికి లేవు, త్రుంచిన పాలును కారవు. ఉన్నదంతయు కాండమే. అది నాలుగు పలకలుగా నుండి జానెడు ఎత్తు పెరుగును. తాకి చూచినచో మఖమలు గుడ్డవలె మెత్తగా నుండును. పలకల అంచులందు ముండ్లవలె కన్పట్టునవి ముండ్లు కావు. పసిపిల్లవాడు పట్టుకొన్నను గ్రుచ్చుకొనవు.

ఈ కాండమే దాని నీళ్లకుండ. వాన పడినప్పుడు నింపుకొని, పడని నెలలలో పొదుపుగా వాడుకొనును. ఊపిరియందును అది పొదుపరియే. సామాన్యముగా మొక్కలు పగటివేళ తమ సూక్ష్మరంధ్రములను తెరచి బొగ్గుపులుసు వాయువును లోనికి తీసికొనును; ఆ రంధ్రములనుండియే నీరు ఆవిరియై పోవును. ఎడారిమొక్క పగలు తెరచినచో బ్రతుకజాలదు. కావున ఇది రాత్రి చల్లనివేళ రంధ్రములు తెరచి, గ్రహించిన వాయువును ఒక విధమైన పులుసుపదార్థముగా మార్చి దాచుకొని, తెల్లవారిన పిదప రంధ్రములు మూసికొని, సూర్యకాంతి సాయమున దానిని ఆహారముగా చేసికొనును. మనమెరిగిన అనాసయు, నాగజెముడును ఈ పద్ధతినే అనుసరించును.

ఇట్టి మొక్కలు పండితుల దృష్టికి వచ్చిన కథ వినదగినది. 1624వ సంవత్సరమున హాలండునుండి తూర్పుదీవులకు పోవుచున్న ఓడయొకటి దక్షిణాఫ్రికాలోని కేప్ తీరమున ఆగెను. అందు యస్టస్ హ్యూర్నియస్ అను మిషనరీ యుండెను. అతడు వైద్యమును సైతము అభ్యసించినవాడు. ఓడ నిలిచినంతలో అతడచ్చటి మొక్కలను పరిశీలించి, బొమ్మలు గీసి, లైడెన్ నగరమున ఆచార్యుడుగా నున్న తన సోదరునికి పంపెను. ఆ బొమ్మలు బోడియస్ వాన్ స్టాపెల్ అను వైద్యుని చేతికి చేరెను. స్టాపెల్ 1636లో మరణించెను. గ్రీకు పండితుడగు థియోఫ్రాస్టసు రచించిన వృక్షశాస్త్రమునకు అతడు సిద్ధపరచిన వ్యాఖ్యను అతని తండ్రి 1644లో అచ్చువేయించెను. ఆ బొమ్మలు అందు వెలువడెను. 1737లో లిన్నేయసు పండితుడు స్టాపెల్ పేరిట ఈ మొక్కలకు స్టపీలియా యని నామకరణము చేసెను.

బొమ్మలు గీసిన మిషనరీని మాత్రము చాలకాలము ఎవరును తలంపలేదు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు వీని దగ్గరిచుట్టమైన మరియొక జాతికి అతని పేరు పెట్టెను. అందును ఒక చిక్కు వచ్చినది. ఆ పేరు వ్రాయుటలో "ఈ", "యూ" అను రెండు ఆంగ్లాక్షరములు తారుమారయ్యెను. శాస్త్రనియమము ననుసరించి మొదట అచ్చయిన రూపమే నేటికిని నిలిచియున్నది. వర్ణక్రమమునందు తప్పుచేసిన విద్యార్థులు దీనిని తమకు సాక్ష్యముగా తేరాదని మనవి.

ఆఫ్రికా మొక్కతో మనకేమి సంబంధమని యడుగువారు కలరు. మన మెట్టనేలలలో, రాళ్లసందులలో పెరుగు కుందేటికొమ్ములను చూచినవారికి ఆ సందేహముండదు. పశువుల కాపరులు పచ్చిగా తిను ఆ నాలుగుపలకల సన్నని కాడలు స్టపీలియాకు దాయాదులు. సామర్లకోటలో తోట పెంచిన రాక్సుబరో దొర 1795లో వెలువడనారంభించిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున దీనిని స్టపీలియాలలోనే చేర్చి, తెలుగువారు దీనిని కారల్లమందురని వ్రాసికొనెను. పిదప రాబర్ట్ బ్రౌన్ దానిని వేరు జాతిగా విడదీసి, ఆ తెలుగుమాటనే తీసికొని "కారల్లూమా" యని పేరిడెను. ఆఫ్రికానుండి అరేబియావరకు గల ఎన్నియో మొక్కలకు పండితులు ఆ పేరే వాడిరి. గొల్లపిల్లల నోటిమాట యిట్లు లాటిను నామమై లోకమంతయు తిరిగినది.

ఇక మా తొట్టి సంగతి. ఈ మొక్క మాకు కొనుటవలన రాలేదు. ఉద్యోగవిరమణ చేసి యూరు విడిచిపోవుచున్న యొక సహోపాధ్యాయిని మూడేండ్ల క్రిందట దీనిని మాకప్పగించిరి. అప్పటికది చావుబ్రతుకులలో నుండెను. ఆ యింటి పిల్లలకు దానిపై మిక్కిలి ప్రేమ. ఆ ప్రేమచే ప్రతి యుదయమును చెంబెడు నీరు పోయుచుండిరి. కాండముల అడుగుభాగము నల్లబడి, వ్రేలితో నొక్కినచో గుజ్జువలె దిగిపోవుచుండెను. ఈ మొక్కకు నీరు లేక వచ్చు చావు అరుదు. నీటివలన వచ్చు చావే తరచు.

నల్లకుళ్లు పట్టిన కాండమునకు మందు లేదు. శుభ్రమైన చాకుతో కుళ్లునకు పైగా, లోపల పచ్చగా నున్నచోట కోయవలయును. కోత ముఖమున ఒక్క నల్లచుక్క కనబడినను మరల పైకి కోయవలయును. అట్లు కోయగా పదునొకండు కాండములలో మాకు మిగిలినవి మూడు ముక్కలు. వానిని నీడలో ఒక కాగితముపై పరచి ఎనిమిది దినములు విడిచితిమి. కోసినచోట పొర కట్టి ఎండిన పిదపనే నాటవలయును. పచ్చిగాయముతో నాటినచో మన్ను తగిలి మరల కుళ్లును. కొమ్మ వడలుచుండగా నీరు పోయక చూచుచుండుట కష్టము. కాని దానికి వలసిన వైద్యము అదియే.

తొట్టి వెడల్పుగా, లోతు తక్కువగా నుండవలయును. అడుగున రంధ్రము తప్పనిసరి. మేము ముతక యిసుకయు చిన్న ఇటుకముక్కలును కలిపి రెండుపాళ్లు, తోటమన్ను ఒకపాలు, మాగిన ఆకుఎరువు ఒకపాలు వేసితిమి. కాండము నిలుచుటకు చాలినంత మాత్రమే పాతి, మొదటి వారము నీరు పోయలేదు. గదిలోపల పెంచువారు తూర్పు కిటికీని ఎన్నుకొనుట మేలు. ఉదయపుటెండ రెండు మూడు గంటలు తగిలిన చాలును. వెలుతురు చాలనిచో కాండములు సన్నగిల్లి వంగిపోవును, పూయవు, మిట్టమధ్యాహ్నపుటెండకు ఎర్రబారును. పెరుగుకాలమున మన్ను పూర్తిగా ఎండిన తరువాతనే తడుపవలయును. మాకది వేసవిలో వారమునకొకసారి. వానకాలమున గాలియే తడిగా నుండును గనుక ఇంకను తక్కువ. చలిదినములలో నెలకొకసారి చాలును. పలకలసందులలో తెల్లని పిండినల్లి చేరినచో స్పిరిటులో ముంచిన దూదితో తుడువవలయును. ఇంతకుమించి సేవ లేదు. శిక్షణ కళాశాలలో మాకు తోటపని నేర్పిన గురువులు, నీరు పోయుట అందరికిని వచ్చునని, మానుట నేర్చినవాడే తోటమాలియని చెప్పుచుండెడివారు. పిల్లలను పెంచుటయందును వారి మాట మాకు పలుమారులు జ్ఞప్తికి వచ్చినది.

రెండేండ్లు అది పెరిగినదే గాని పూయలేదు. గడచిన సంవత్సరము సెప్టెంబరులో ఒక లేతకాండపు మొదట చిన్న మొగ్గ కనబడెను. మొదట బఠాణీగింజంత, పిదప నిమ్మకాయంత, తుదకు గాలి నింపిన బుడగవలె అరచేయి నిండ పెరిగెను. ఒక సోమవారముదయమున ఐదు రేకుల అంచులు విడివడెను. మధ్యాహ్నమునకు పువ్వు పూర్తిగా తెరచుకొని తొట్టి అంచుపై వాలెను. స్కేలు పెట్టి కొలువగా కొననుండి కొనకు 27 సెంటీమీటర్లుండెను. లేతపసుపుచాయపై సన్నని ఎర్రనిగీతలు అడ్డముగా అలలవలె వ్యాపించియుండెను. రేకులంతటను మృదువైన నూగు. చూచుటకు జంతుచర్మమువలెను, తాకుటకు పట్టువలెను నుండెను. పిల్లలు ఆశ్చర్యపడి మూగిరి. మూగిన క్షణముననే వెనుకకు పరుగెత్తిరి.

ఆ వాసన నెట్లు వర్ణింతుము? రెండు దినములక్రిందట చచ్చిన జంతువు దగ్గర నెక్కడనో యున్నట్లుండెను. ప్రక్కతరగతినుండి తొట్టిని బయట పెట్టింపుడని మనవి వచ్చెను. కిటికీతలుపులు బారుగా తెరచి, సాయంకాలమువరకు గడువు కోరితిమి.

ఇచ్చట ఒక బాలునిగూర్చి చెప్పవలసియున్నది. పేరు వ్రాయుట భావ్యము కాదు. సముద్రతీరపు పల్లెనుండి వచ్చి మా వసతిగృహమున నుండి ఏడవ తరగతి చదువుచుండెను. అతని తల్లి చేపలు ఎండబెట్టి సంతలలో అమ్మును. ఆమె ఆదివారము మధ్యాహ్నము కుమారుని చూడవచ్చునప్పుడు కొందరు పిల్లలు ముక్కులు మూసికొని నవ్వుచుండిరి. కొంతకాలమునకు బాలుడు తల్లిని లోనికి రావలదని, గేటుకడనే యుండుమని చెప్పెనట. పిదప తానును గేటుకడకు పోక, మరియొకనిచేత సంచి తెప్పించుకొనుట మేము కన్నులార చూచితిమి. దానినిగూర్చి తరగతిలో రెండు మూడు పర్యాయములు గట్టిగా చెప్పితిమి. చెప్పిన దినమున అందరును తలలు వంచుకొనిరి, మరునాడు యథాప్రకారమే.

నాడు తరగతియంతయు వరండాలో నిలిచియుండగా ఈ బాలుడొక్కడే కిటికీయొద్ద వంగి చూచుచుండెను. నీలియీగలు అప్పటికే వచ్చియుండెను. అవి రేకులపై నడచి, నడుమనున్న గుంటలోనికి మరల మరల పోవుచుండెను. కొంతసేపటికి బాలుడు తలయెత్తి, "మాష్టారూ, గ్రుడ్లు పెట్టుచున్నవి" అనెను. భూతద్దము పెట్టి చూచితిమి. బియ్యపునూకవంటి తెల్లని గ్రుడ్లు గుత్తులుగా నుండెను. నీకెట్లు తెలిసినదని యడుగగా, "ఉప్పు చాలని చేపమీద ఇట్లే పెట్టును. ముసురుపట్టిన దినములలో అమ్మ రాత్రులు కూర్చుండి ఏరుచుండును" అని చెప్పెను. ఆ మాట వరండాలోనివారును వినిరి. భూతద్దము కొరకు ఒక్కొక్కరే లోనికి వచ్చిరి. ఈగ యెచ్చట వాలును, ఏ మడతలో గ్రుడ్లు పెట్టును, ఎప్పుడు పురుగులగును అను ప్రశ్నలకు నాడు మేము సమాధానము చెప్పలేదు, బాలుడే చెప్పెను. రేపటికి పురుగులగునని అతడనిన ప్రకారమే మరునాడయ్యెను. ఆహారమేమియు లేమిచే మూడవనాటికి అవి చచ్చెను. తొట్టిని బయట పెట్టుమని మరల ఎవరును అడుగలేదు.

ఈగలను పిలుచుటలో ఆ పువ్వునకు ప్రయోజనమున్నది. గంధకము కలిసిన వాయువులచే అది కుళ్లినమాంసమువలె వాసన కొట్టును. గ్రుడ్లు పెట్టుచోటు దొరికినదని ఈగ నమ్మి వచ్చును. తిరుగులాడునప్పుడు జంటగా అతికియున్న పుప్పొడిముద్దలు దాని మూతికి తగులుకొనును. మరియొక పువ్వుమీద వాలినపుడు అవి అచ్చట చేరును. మేము పట్టిన యొక యీగ మూతికి పసుపువన్నె జంటముద్దలు వ్రేలాడుచుండుట పిల్లలందరును చూచిరి. జిల్లేడుపువ్వునందును పుప్పొడి యిట్లే ముద్దలుగా నుండును. మనము ముక్కు మూసికొన్న వాసన మనకొరకు ఏర్పడినది కాదు. ఉత్తరము మరియొకరి పేర వ్రాయబడినది, విప్పి చదివినవారము మనము.

తరగతిలో ఒక బాలిక లేచి, "ఈగను నమ్మించి దాని పిల్లలను ఆకలిచే చంపుట మోసము కాదా?" యని యడిగెను. మంచి ప్రశ్న. పువ్వుకు ఎరుక లేదు గనుక దానిని మోసగాడనరాదనియు, ఎరుక గల మనుష్యుడు అదే పని చేసినచో ఆ పువ్వును సాకుగా చూపరాదనియు మేము చెప్పితిమి. ఆ సమాధానమున బాలిక పూర్తిగా తృప్తిపొందినట్లు కనబడలేదు. మాకును పూర్తిగా తృప్తి లేదు. సృష్టియందు మన నీతిపాఠములలో ఇముడని సంగతులు పెక్కు కలవు. వానిని దాచిపెట్టి అందమైనవానినే చూపుట ప్రకృతిపాఠము కానేరదు.

పదునెనిమిది దినములకు రెండవ మొగ్గ విడిచెను. అది శుక్రవారము. ఆదివారమునకు పువ్వు వాడుచున్నను ఇంకను వాసన మిగిలియుండెను. ఆనాటి మధ్యాహ్నము ఆ బాలుడు తల్లి చేయి పట్టుకొని మెట్లెక్కి వచ్చెను. మేము కుర్చీ చూపినను ఆమె కూర్చుండలేదు. పువ్వును, ఈగలను కొంతసేపు పరకాయించి చూచెను. కుమారుడు పుప్పొడిముద్దల సంగతి వివరించుచుండగా శ్రద్ధగా వినెను. పిదప ఆమె యన్న మాటను ఆమె పలుకులతోనే వ్రాయుచున్నాము: "దీనికి ఈగలు కావాల బాబుగారూ, మాకు వద్దు. తేడా అంతే." మేము మూడు పాఠములలో చెప్పినదానిని ఆమె ఒక్కమాటలో ముగించెను. వరండాలో పిల్లలుండిరి. ముక్కులు మూసికొన్నవారు లేరని వ్రాయజాలము, ఇద్దరుండిరి. కాని బాలుడు వారివైపు చూడక, తల్లిని గేటువరకు దిగబెట్టి వచ్చెను. అటుపిమ్మట ఆదివారములందు సంచి తెచ్చుటకు మరియొకనిని పంపలేదు.

ఈ సంవత్సరము వేసవిలో ఒక పువ్వుస్థానమున రెండు కాయలు కొమ్ములవలె నిలిచెను. పగిలినపుడు పట్టుకుచ్చులు గల గింజలు గదియంతయు ఎగిరెను. పిల్లలు దారిప్రక్కనుండి జిల్లేటికాయను తెచ్చి ప్రక్కన నుంచి పోల్చిచూచిరి. ఆ చుట్టరికమునుగూర్చి మేము వేరుగా చెప్పవలసిన పని లేకపోయెను.

రానున్న మార్చిలో కొమ్మలు కోసి ఆరబెట్టుదుము. కావలసినవారు గది తలుపుమీది కాగితమున పేరు వ్రాయవచ్చును. ఒక్కొక్కరికి ఒక్కొక్క కొమ్మ. అప్పుడే పందొమ్మిది పేళ్లున్నవి. మొదటి పేరు ఎవరిదో చెప్పము గాని, వాసనకు అందరికంటె దూరముగా పరుగెత్తినవానిది. కొమ్మ తీసికొనువారు మొదటి వారము నీరు పోయమని మాకు మాట యీయవలయును. తల్లిదండ్రులకు మా మనవి యేమనగా, పూచిన రెండు మూడు దినములు కిటికీ తెరచియుంచి, మీ పిల్లవాడు భూతద్దముతో వంగినచోట మీరును ఒకసారి వంగి చూడుడు.